చాటలో కలిసిన గోళీలు

చిన్నక్క ఎవరినీ తిట్టదు. ఎదుటి మనిషిని తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసి, "అవునా సారూ" అంటుంది. ఆ రెండు మాటల్లో ఎంత వెక్కిరింత ఉందో తెలిసినవాళ్లు అక్కణ్ణించి తొందరగా కదులుతారు. తెలియనివాళ్లు ఇంకో పావుగంట మాట్లాడతారు. డాక్టర్ జయప్రకాశ్ ఈ రెండో రకం.

భద్రాచలం నుంచి బస్సులో గంటన్నర పోయి, దిగి, రెండు వాగులు దాటితే యాభై రెండిళ్ల కోయ గుంపు వస్తుంది. ఏడో తరగతి దాకా చదివిన చిన్నక్క అక్కడ పదహారేళ్లుగా ఆశా కార్యకర్త. వానాకాలమైతే చెప్పులు చేతబట్టి, టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని వాగు దాటుతుంది. ఈ పదహారేళ్లలో ఆ దారిన వచ్చిన పరిశోధకులను ఆమె చాలామందినే చూసింది. ఒకాయన పిల్లల జబ్బలు టేపుతో కొలుచుకుని పోయాడు. ఇంకొకామె బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకుపోయింది. ఆ నీళ్లలో ఏముందో ఇప్పటికీ కబురు లేదు.

"నీళ్ల సంగతి దేవుడెరుగు, సీసాలు గూడ తిరిగి రాలే" అంటుంది చిన్నక్క.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో జయప్రకాశ్ జీపు వచ్చింది. పట్నంలోని ఏదో సంస్థ తరఫున, రక్తం తక్కువున్న ఆడవాళ్ల మీద పరిశోధనట. ఐరన్ గోళీ రోజూ మింగితే మంచిదా, రోజు విడిచి రోజు మింగితే మంచిదా అని పెద్ద డాక్టర్లలోనే తగువు నడుస్తోందట. రోజూ మింగితే ఒంటికి ఇనుము మొహం మొత్తి లోపలికి రానివ్వదని ఒక వర్గం. రక్తమే లేనివాళ్లకు గోళీలు తగ్గించడమేమిటని ఇంకో వర్గం. తగువు పెద్దదే, అడగవలసిందే. అడిగిన తీరు మాత్రం చెప్పుకోదగ్గది.

జీపు ఇంజను ఆపలేదు. ఆపితే లోపల చల్లదనం పోతుంది కదా. అంగన్‌వాడీ వరండాలో నలభై మంది ఆడవాళ్లను కూర్చోబెట్టి, ప్రసూన అనే అమ్మాయి పద్నాలుగు పేజీల అంగీకార పత్రం తీసింది. డాక్టరు కింద పని చేసే ఈ అమ్మాయి మొదటి పేజీ చదివి, ఆఖరి పేజీకి దూకింది. చిన్నక్క కోయభాషలో చెప్పేలోగా వేలిముద్రల డబ్బా తిరగడం మొదలైంది.

"ఎవరికైనా ప్రశ్నలుంటే అడగొచ్చు" అన్నాడు జయప్రకాశ్, గడియారం చూసుకుంటూ.

ముసలి బుల్లెమ్మ చెయ్యెత్తింది. "గోళీ అన్నంల కలుపుకోని తినొచ్చా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. అదే జవాబు అనుకోవాలి.

ఇరవై మందికి ఎర్రచీటీ డబ్బా, ఇరవై మందికి తెల్లచీటీ డబ్బా ఇచ్చారు. రెండింటిలోనూ గోళీలు ఒకే రంగు, ఒకే సైజు. రక్తం బాగానే ఉన్న పదకొండు మందికి ఏమీ ఇవ్వలేదు. జీపు వెళ్లిపోయింది.

చిక్కంతా ఈ పదకొండు మంది దగ్గర వచ్చింది. ఆ గుంపులో పండుగకు కోసిన మేకైనా, వాగులో పట్టిన చేపలైనా సమంగా పాళ్లు వేయకుండా ఒక్క ముక్క ఏ ఇంటి గడపా దాటదు. కడుపుతో ఉన్న మనిషికి లోపలి బిడ్డ కోసం ఇంకో పాలు వేస్తారు. అలాంటి చోట ఊళ్లోకి వచ్చిన సరుకు కొందరికి అంది, కొందరికి అందకపోవడమా? పాళ్లు వేయడంలో పేరున్న పెద్దాయన బొజ్జయ్య చాట తెప్పించాడు. డబ్బాలన్నీ విప్పి, షీట్లలోంచి గోళీలు ఒలిచి, చాటలో పోసి, యాభై ఒక్క పాళ్లు వేశాడు. చిన్నక్క పక్కనే కూర్చుని పొట్లాలు కట్టింది. పెళ్లయి ఏడాది తిరగని తన మేనకోడలు శ్యామలకు, రక్తం ఏడున్నర గ్రాములే ఉన్నదని, గుప్పెడు ఎక్కువే వేసింది. నెలనెలా డబ్బాలు వచ్చినప్పుడల్లా ఇదే వరస. పంచుకోవడం తప్పని ఎవరూ అనుకోలేదు. ఒకరి గోళీలు ఒకరు వేసుకోరాదన్న మాట తొమ్మిదో పేజీలో ఒక్క వాక్యంగా ఉందని వాళ్లకు ఎవరూ చదివి చెప్పలేదు.

ప్రసూన నెలకోసారి వచ్చి ఖాళీ షీట్లు లెక్కపెట్టుకునేది. ఒక్క గోళీ మిగిలితే ఒట్టు! రిజిస్టర్లో చిన్నక్క సంతకం పెట్టేది. మూడు నెలలకు గోళీలు మింగడంలో ఆ ఊరు జిల్లాలోనే మొదటి స్థానంలో నిలిచింది.

ఫలితాలు చెప్పే సభ మరుసటి ఏడాది భద్రాచలంలో, ఒక హోటల్ హాల్లో జరిగింది. గోడ పొడుగునా ఫ్లెక్సీ. అందులో జయప్రకాశ్ ముఖం గోదావరంత ఉంది. ముందుగా చిన్నక్కను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఆదర్శ కార్యకర్త అని కాగితం ఇచ్చారు. ఆ తర్వాత తెర మీద రెండు గీతలు చూపించారు. రెండూ ఒకే ఎత్తు.

"ఇప్పుడు రహస్యం విప్పుతున్నా" అన్నాడు డాక్టరు. "ఎర్రచీటీ వాళ్లు రోజూ అసలు గోళీ మింగారు. తెల్లచీటీ డబ్బాలో సగం ఉత్తుత్తి గోళీలు. అయినా రెండు జట్ల రక్తమూ సమానంగా ఉంది! అంటే రోజు విడిచి రోజు చాలన్నమాట. వచ్చే ఏడాది నుంచి నెలకు ముప్పై బదులు పదిహేను గోళీలే పంపమని పైకి రాస్తున్నాం."

చప్పట్లు మోగాయి. చిన్నక్క చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి. ఉత్తుత్తి గోళీలా? తన చేత్తో కట్టిన పొట్లాల్లో శ్యామలకు ఎన్ని ఉత్తవి పోయాయో! ఇప్పుడు ఆ పిల్లకు నాలుగో నెల. రక్తం ఎనిమిది దాటలేదు. వచ్చే ఏడాది ఆమెకూ, ఆమెలాంటి వాళ్లందరికీ సగం గోళీలే. అదీ తమ ఊరి చాట సాక్షిగా!

ఆమె లేవబోతే, ఊళ్లో ఆ పొట్లాలు చూసి ఉన్న ప్రసూనకు సంగతి అర్థమై, పక్కనుంచి చెయ్యి పట్టుకుంది. "అక్కా, రిజిస్టర్ల సంతకాలన్నీ నీవే. నౌకరి పోతది."

"పోతే పోనీ" అని చిన్నక్క లేచింది. "సారూ, సమానం గాక ఏమైతది? మేమే సమానంగ పంచుకుంటిమి గద!"

చాట సంగతి, పాళ్ల సంగతి ఆమె మొత్తం చెప్పింది. జయప్రకాశ్ నవ్వాడు. "ఒక్క ఊళ్లో జరిగిన పొరపాటుతో..."

వెనక వరసలోంచి లంబాడా తండా ఆశా కార్యకర్త ద్వాలి లేచింది. "మా తాండల పంచుకోలే సారూ. కడుపుల మండుతున్నదని చిక్కుడు పాదుల పోసిన్రు. చిక్కుడు మాత్రం మస్తుగ కాసింది."

"ఎర్రచీటీవా, తెల్లచీటీవా?" అని అరిచాడు డాక్టరు. అంత చదువు చదివిన మనిషి నోట ఆ క్షణాన వచ్చిన ప్రశ్న అది. హాలంతా నవ్వింది. నిర్వాహకులు టీ ఇచ్చారు.

టీ వేళ పక్క గదిలో డాక్టరు చిన్నక్క మీద పడ్డాడు. "నా కష్టమంతా నాశనం చేశావ్!"

"గోళీలల్ల ఉత్తవి ఉన్నయని ఎన్నడన్న చెప్పినవా?"

"చెప్పకూడదు! అదే పద్ధతి."

"మంచిది. మరి ఊళ్లకు సరుకొస్తె మేమేం చేస్తమో ఎన్నడన్న అడిగినవా?"

చిన్నక్కే మళ్లీ అందుకుంది. "ఒక్క ఊళ్ల రెండు తీర్లు పెడితె నిలవదు సారూ. ఒక ఊరంత రోజూ ఇయ్యి, ఇంకో ఊరంత దినం విడిచి దినం ఇయ్యి. మేము పంచుకున్నా నీ లెక్క చెడదు."

"నాకు నేర్పుతున్నావా?" అన్నాడాయన.

వారానికి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. పంచుకోవద్దని ఎవరూ చెప్పలేదని, ఉత్తవి కలిపారని చెప్పి ఉంటే తానే ఆపేదాన్నని చిన్నక్క రెండు వాక్యాలు రాసి పంపింది. మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చిక్కుడు పాదు కూడా కాగితం మీదికి వస్తుంది మరి. గోళీలు సగం చేయాలన్న మాట కూడా వినబడకుండా పోయింది. నెలకు ముప్పై వస్తూనే ఉన్నాయి. చిన్నక్క రోజూ పొద్దున్నే శ్యామల గుమ్మంలో నిలబడి, గోళీ గొంతు దిగేదాకా కదిలేది కాదు. కాన్పు నాటికి రక్తం పది గ్రాములయింది. ఆడపిల్ల పుట్టింది.

ఈ ఎండాకాలం ఆ జీపు మళ్లీ వచ్చింది.

"ఈసారి కొత్త పద్ధతి" అన్నాడు జయప్రకాశ్ దిగుతూనే. "ఊరంతటికీ ఒకే రకం డబ్బా. మా బృందం ఎంతో ఆలోచించి రూపొందించింది."

"అవునా సారూ" అంది చిన్నక్క.

ప్రసూన తల దించుకుని పత్రాలు అందించింది. ఈసారి ఇరవై రెండు పేజీలు. మొదటి పేజీలో రూపొందించినవాళ్ల పేర్లు పదకొండు. చిన్నక్క వాటిని వేలితో ఒక్కొక్కటే దాటించి, చివరిదాకా పోయి, తన పేరు లేదని చూసుకుని, చీర కుచ్చెళ్లు సర్దుకుని వరండా మధ్యలో చాప మీద కూర్చుంది.

"బండి బంద్ చెయ్యమను సారూ. మాట వినబడ్తలేదు."

ఇంజను ఆగింది. ఆమె ఒక్కో వాక్యం తెలుగులో చదివి, కోయభాషలో చెప్పి, తలలు ఊగేదాకా ఆగి, తర్వాతి వాక్యానికి పోయింది. పంచుకోవడం గురించిన వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఎండ జీపు మీదికి, జీపు మీంచి డాక్టరు మీదికి వచ్చింది. ఆయన చేతిరుమాలు తడిసి ముద్దయింది.

"ఇంకా ఎన్ని పేజీలమ్మా?"

"తొమ్మిదోదాంట్ల ఉన్నం సారూ. ప్రశ్నలడగొచ్చని రాసిన్రు గద. అడుగుతున్నరు."

బుల్లెమ్మ అప్పటికే చెయ్యెత్తి ఉంది. "మొన్న అడిగిందే సారూ. గోళీ అన్నంల కలుపుకోని తినొచ్చా?"

అందరూ డాక్టరు వైపు తిరిగారు. డ్రైవరు హారన్ మీద చెయ్యి వెయ్యబోయి, చిన్నక్క చూపు తగిలి, తీసేశాడు.