మక్కల మిషన్ చేసిన రాజీ

మా ఫైనలియర్ మెకానికల్ ప్రాజెక్టు మక్కజొన్న కంకులు ఒలిచే మిషన్. టీంలో ముగ్గురం: నేను, రాజు, నరేశ్. మిషన్‌కు బెల్టు పెట్టాలా, చైను పెట్టాలా అన్న గొడవతో వాళ్లిద్దరూ మాటలు మానేసి నెల దాటింది. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం నా పని. సోమవారమేమో కాలేజీలో మిషన్ చూపించాలి.

ఈ రోజు కొడకండ్లలో రాజు వాళ్లింటి ముందు దాన్ని నడిపి చూశాం. నేను మోటారు వేయగానే మిషన్ గడగడా వణుకుతూ వాకిట్లో నడక మొదలుపెట్టింది. ఇద్దరూ పరుగెత్తి చెరోవైపు పట్టుకున్నారు.

"గట్టిగ పట్టుకోరా, పడ్తది!" అని అరిచాడు రాజు.

"నేను పట్టుకున్న. నువ్వు ఇడువకు!" అన్నాడు నరేశ్.

మోటారు ఆపేశాను. తాము మాట్లాడుకున్నామని అప్పుడు తెలిసొచ్చిందేమో, ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. వెంటనే ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఏంది స్వప్నా, కింద బోల్టులు బిగియ్యకముందే మోటార్ ఎట్ల ఏసినవ్?"

బోల్టులు బిగించాక మిషన్ కంకులు చక్కగా ఒలిచింది. వాళ్లు మాత్రం సాయంత్రందాకా నన్నే తిట్టారు, అదీ ఒకే మాటగా! ఇంత సంతోషంగా తిట్లు తినడం నాకిదే మొదటిసారి. మీ టీంలో ఈ తిట్లు ఎవరి వంతుకొచ్చాయో చెప్పండి, నాకు కాస్త తోడు దొరుకుతుంది.