పేలని గొట్టం

శ్రీరాంపూర్ గని నుంచి మా ల్యాబ్‌కు బొగ్గు నమూనాలు తెచ్చిన ఆ పెద్దాయన, బొగ్గుపొరలో మందు కూరి పేల్చే షాట్‌ఫైరర్. నేను ఆ బొగ్గు పొడినే చిటికెనవేలంత గొట్టంలో కూరి, బొగ్గులో ఏముందో గ్రాఫ్ గీసి చూపే ఎన్ఎంఆర్ యంత్రంలో గాలితో గిరగిరా తిప్పాలి. పొడి సమంగా లేకపోతే గొట్టం పగులుతుంది. ఒకటి నేనే పగలగొట్టాను. రెండోది ఆయన కళ్లముందే, మా పెద్దసారు వచ్చి గాలి మీట ఒక్కసారిగా తిప్పడంతో పోయింది. ఇక మిగిలింది ఒక్కటే.

"ఇటు తే బిడ్డా," అని ఆ పెద్దాయన దాన్ని లాక్కున్నాడు. కొంచెం పోసి, పుల్లతో అదిమి, మళ్లీ కొంచెం పోశాడు. నేను గాలి మీట తిప్పబోతుంటే వరండాలోకి పోయి "ఫైర్" అని మూడుసార్లు అరిచి, చెవులు మూసుకున్నాడు.

గొట్టం సన్నగా ఈల వేస్తూ తిరిగింది.

"పేలలే. మందు పేలకుంటే ఇగ అర్ధగంట దాకా ఎవ్వలు లోపటికి పోవద్దు. గని రూలు."

"మరి నేను?"

"నువ్వు నీ పని చూస్కో."

తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. పెద్దసారు వచ్చి జరగమన్నారు.

"మీ పానం నా జిమ్మ సారు. జర ఆగుండ్రి."

అర్ధగంట అయిందో లేదో ఆయన గడియారం చూడలేదు. నా వంకే చూస్తూ కూర్చున్నాడు. గ్రాఫ్ చేతికొచ్చి నేను తలూపాకే కుర్చీ తీశాడు.