తువ్వాల పర్దా

ఈ రోజు గోదావరిఖని కాలనీ దవాఖానలో పసిపిల్లలకు సూదులు వేశాను. మరిగించిన సూది తీయగానే లక్ష్మి అనే తల్లి, బిడ్డను భర్త మల్లయ్య చేతిలో పెట్టి వరండాలోకి పరుగెత్తింది. ఇక్కడి తల్లులందరిదీ ఇదే వరస!

వెనక్కి పిలిచి, "బిడ్డకు పాలియ్యి. తాగుతుంటే నొప్పి అంతగ తెల్వది" అన్నాను.

"ఇంతమంది మొగోళ్ల ముందర ఎట్ల, సిస్టరమ్మా?"

బొగ్గుబాయిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మల్లయ్య బిడ్డను లక్ష్మి ఒళ్లో పెట్టి, భుజం మీది మసి తువ్వాల విప్పి, మా ఇద్దరికీ వీపు తిప్పి, మగవాళ్లకు అడ్డంగా పట్టుకున్నాడు. సూది గుచ్చితే బిడ్డ ఒక్కసారి కుయ్యిమని, మళ్లీ పాలు తాగడంలో పడింది.

నేను పొంగిపోతుంటే, మల్లయ్య తర్వాతి బిడ్డ తండ్రిని అడిగాడు: "తమ్మీ, తువ్వాల తెచ్చినవా?"

మీ ఊళ్లో ఇట్లాంటి నాన్నలున్నారా? మా దగ్గర ఈ రోజుకు ఇద్దరు.