మేడమ్‌గారు పగడాల్ని పలకరించిన రోజు

పోయిన ఆదివారం పొద్దున్న మా జువాలజీ మేడమ్‌గారి తమ్ముడుగారు ఫోన్ చేసేరు. "అక్క ప్రభువునందు నిద్రించిందమ్మా. సాయంత్రం భూస్థాపన" అన్నారు. ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపేను. గుండె జబ్బుతో కొన్ని నెలలుగా మంచం మీదే ఉన్నారని తెలుసు. తెలిసినంత మాత్రాన కబురు తేలికవలేదు.

కొత్తపేటలో బస్సెక్కి అమలాపురం వెళ్ళేను. సమాధుల తోటలో ఆవిడ శిష్యులు చాలామంది కనిపించేరు. అందరూ ఆవిడ పాఠం గురించే చెప్పుకుంటున్నారు. నేనూ ఆ పాఠం విన్నదాన్నే, ఆవిడ వల్లే సైన్సు టీచర్నయ్యేను. అయితే అక్కడ ఎక్కువమందికి తెలియని సంగతొకటి నా దగ్గరుంది. రిటైరయ్యేక మేడమ్‌గారు సముద్రం అడుక్కి దిగడం నేర్చుకున్నారు. ఆవిడకి జంటగా దిగింది నేను.

కాలేజీలో లాబ్ అల్మారాలో చెట్టుకొమ్మలాంటి తెల్లటి పగడం ఉండేది. అది ఎముకల గూడులాంటిదనీ, అసలు ప్రాణి దాని మీద బతికేదనీ చెప్పేవారు. బతికున్నప్పుడు ఏ రంగులో ఉంటుందండీ అని మా క్లాసులో ఎవరో అడిగేరు. పుస్తకంలో రాసింది చెప్పేరు. పగడాన్ని అల్మారాలో పెట్టేస్తూ, "నేను చూళ్ళేదమ్మా" అన్నారు. ఆ మాట అనక్కర్లేదు, అనకపోయినా ఎవరికీ తెలీదు. ఆవిడ అన్నారు.

ఆ చూడకపోవడం ఆవిడ మనసులో అలాగే ఉండిపోయిందని, రిటైరయ్యేక వచ్చిన ఫోన్‌తో తెలిసింది. విశాఖపట్నంలో స్కూబా నేర్పుతారట, వస్తావా అని అడిగేరు. ఈ వయసులో ఏంటండీ అనబోయి ఊరుకున్నాను. రాజోలు దగ్గర కాలవలో ఈత నేర్చుకున్న మనిషి ఆవిడ. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి సరేనన్నాకే బయల్దేరేం. మొదటిరోజు సిలిండరు వీపుకి తగిలిస్తే ముందుకి వంగిపోయేరు. ఇన్‌స్ట్రక్టరు పట్టుకోబోతే వద్దని, నడుం సర్దుకుని, చీర కుచ్చిళ్ళు పట్టుకున్నట్టు బెల్టు పట్టుకుని నీళ్ళల్లోకి నడిచేరు.

ఆ తర్వాత లక్షద్వీప్ ప్రయాణం. కొచ్చి నుంచి ఓడ. రోజుకో దీవి దగ్గర ఆగుతుంది. ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేస్తుంది. పొద్దున్న చిన్న పడవల్లో దింపి, సాయంత్రం ఎక్కించుకుంటుంది. ఆ మధ్యలో మేం డైవ్ చేసుకోవాలి. బయల్దేరేముందు మేడమ్‌గారింట్లో భోజనాల బల్ల మీద బిస్కెట్లు దీవులయ్యేయి, కాఫీ గ్లాసు ఓడయ్యింది. గ్లాసుని జరుపుతూ ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ కూడదో చెప్పేవారు. లోతైన డైవ్ ముందు, తక్కువ లోతు తర్వాత. ఆఖరి పడవ ఎప్పుడో కనుక్కున్నాకే మొదటి డైవ్ మాట. "దిగడం ఎవరైనా దిగుతారు. పైకి రావడం గురించి ముందే ఆలోచించుకోవాలి" అనేవారు.

ఆ ప్లానులో మూడో దీవి దగ్గర మాత్రం డైవ్ లేదు. ఓడ కొచ్చి చేరగానే మాకు విమానం. డైవ్ చేసేక ఒక రోజన్నా గడవకుండా విమానం ఎక్కితే ఒంటికి ప్రమాదం. వేసవి సెలవులింకా ఇవ్వలేదు, నాకు లీవు తక్కువని విమానం పెట్టించింది ఆవిడే. పగడాలు బాగా ఉండేది రెండో దీవి దగ్గరని విన్నాం. ఆవిడ ఆశంతా దాని మీదే.

మొదటి దీవిలో ఇసుక నేల మీద దిగి అలవాటు చేసుకున్నాం. రెండో రోజు పొద్దున్నకి మేడమ్‌గారికి జలుబు పట్టేసింది. ముక్కు మూసుకుపోతే నీళ్ళ కింద ఒత్తిడికి చెవులు తెరుచుకోవు, దిగకూడదు. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. పడవలో గొడుగేసుకుని కూర్చుని నన్ను మాత్రం వెళ్ళమన్నారు. నేనూ మానేస్తానంటే ఒప్పుకోలేదు. అక్కడి ఇన్‌స్ట్రక్టరుతో దిగేను. పైకొచ్చి మాస్కు తీసేనో లేదో, వైవా మొదలెట్టేరు. కొమ్మల్లా ఉన్నాయా, బల్లపరుపుగానా, అంచులు ఏ రంగు? తాబేలు వెనకే పోయేను, పగడాలు సరిగ్గా చూళ్ళేదండి అని ఒప్పుకున్నాను. నవ్వేరు గాని, ఓడ దగ్గరికెళ్ళేదాకా నీళ్ళల్లోకే చూస్తూ కూర్చున్నారు.

ఆ దీవిలో సిగ్నల్ ఉండగానే నేను మావారికి ఫోన్ చేసి, విమానం టిక్కెట్లు రద్దు చేసి రైలుకి తియ్యమన్నాను. సెలవు పెంచమని హెడ్మాస్టరుగారికీ చెప్పేను. ఓడ కదిలేక డెక్కు మీద ఆవిడకి చెప్పేను.

"నన్నడక్కుండా ప్లాను మార్చేసేవా?" అన్నారు. గొంతులో కోపం ఉంది.

"ఆయ్, మార్చేనండి. మీరు రేపు దిగొచ్చు."

రుమాలుతో ముక్కు చీది, గాలి ఆడుతోందేమో చూసుకున్నారు. చివరికి, "జలుబు తగ్గాలి కదా" అన్నారు మెల్లగా. ఆ రాత్రి ఆవిరి పట్టుకుని పడుకున్నారు.

తెల్లారి మూడో దీవి చేరేసరికి ముక్కు తేలికపడింది. ఇన్‌స్ట్రక్టరు ముందు నడుములోతు నీళ్ళల్లో ముంచి చూసేడు. తనకి చెవి నొప్పనిపిస్తే మరుక్షణం ఇద్దరం వెనక్కి రావాలని ఆవిడే నాకు షరతు పెట్టేరు. తాడు పట్టుకుని, ఆగుతూ ఆగుతూ, దిగేం.

కింద పగడాలన్నీ తెల్లగా ఉన్నాయి.

కనుచూపు మేర తెలుపే. ఆ వేసవి సముద్రం మరీ వేడెక్కిందనీ, వేడికి పగడాలు రంగు కోల్పోతాయనీ చదివేం గాని, ఇంతలా ఉంటుందనుకోలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసి వచ్చిన మనిషికి లాబ్ అల్మారాలో ఉన్నదే సముద్రమంతా కనిపించింది. నేను ఆవిడ మొహం వంక చూడలేకపోయేను. ఆవిడ మాత్రం ఒక్కొక్క పగడం దగ్గరా ఆగి, ముట్టుకోకుండా, పరిశీలనగా చూసుకుంటూ వెళ్ళేరు. ఒక రాతి నీడలో గోధుమరంగు కొమ్మ ఒకటి, చివర్లు లేత వంగపండు రంగులో, ఇంకా రంగు పోకుండా ఉంది. కొమ్మల్లో నీలం చేపపిల్లలు. సిలిండర్లో గాలి తగ్గిందని ఇన్‌స్ట్రక్టరు సైగ చేసేదాకా దాని ముందే ఉండిపోయేరు.

పడవెక్కేక, నన్ను క్షమించండి మేడమ్‌గారూ, నిన్నటి చోటు ఇంకొంచెం బావుండేదేమో అన్నాను. తల అడ్డంగా ఊపేరు.

"తెల్లబడ్డవన్నీ చచ్చిపోయినట్టు కాదమ్మా. జబ్బు పడ్డాయి. నీళ్ళు చల్లబడితే కొన్ని తేరుకుంటాయి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఒంట్లో బాగున్నప్పుడు రాలేకపోయేను. బాలేనప్పుడైనా వచ్చి పలకరించేను."

తిరిగొచ్చేక మా బడికి వచ్చి పిల్లలకి ఇదంతా చెప్పేరు. అందం గురించీ చెప్పేరు, తెలుపు గురించీ చెప్పేరు, ఏదీ దాచలేదు. అవన్నీ మళ్ళీ బతుకుతాయా అండీ అని ఒక పాప అడిగింది. "నాకు తెలీదమ్మా. నువ్వు పెద్దయ్యేక వెళ్ళి చూడు" అన్నారు.

మొన్న సమాధి మీద మట్టి పోసేటప్పుడు అందరితో పాటు నేనూ గుప్పెడు వేసేను. పాటలు పాడుతున్నారు. నా కళ్ళల్లో మాత్రం ఆ మూడో సాయంత్రమే ఉంది. చిన్న పడవ ఓడ పక్కకి చేరింది. అలకి పైకి లేచి కిందకి పడుతోంది. నావికులు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఓడలోకి లాక్కుంటున్నారు. అందరికీ తొందరే. మేడమ్‌గారు పక్కకి జరిగి, మీరెళ్ళండి, మీరెళ్ళండి అని అందరికీ దారిస్తున్నారు. పడవ ఖాళీ అయ్యింది. నెరిసిన తడిజుట్టు మెడకి అంటుకుపోయింది, నుదుటి మీద మాస్కు అచ్చు ఎర్రగా ఉంది. పైనుంచి పిలుస్తున్నారు. ఆవిడ పడవ అంచు మీంచి వంగి, అరచెయ్యి నీళ్ళ మీద ఆనించి ఉంచేరు, జ్వరం ఎంతుందో చూస్తున్నట్టు.