మా బాపు మింగని కథ

టీవీ కట్టేశాక దాని వెనుక నుంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. మొన్న ఆదివారం ఆ వాసన పీలుస్తూ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఏడాదిగా మా పిల్లలు కళ్లప్పగించి చూసిన అంతరిక్ష నౌక సీరియల్‌ను ఆపేశారు. ఊరికే ఆపినా బాగుండేది, చివరి భాగంలో నౌకను పేల్చి అందరినీ చంపేశారు. మనుషులను ఇల్లు చేర్చడం చేతకాని రాతగాళ్లు చేసే పని అది. వాళ్ల మీద నా కోపం ఇవాళ్టిది కాదు.

మాది రామన్నపేట దగ్గర గొర్ల కాపరుల ఊరు. పంచాయతీ ఆఫీసుకు రేడియో వచ్చిన కొత్తలో, చలికాలం సాయంత్రాలు, గొర్లను దొడ్లకు తోలి, గొంగళ్లు కప్పుకుని, కొంగుల్లో ఉడికించిన వేడి అనుముల గుడాలు కట్టుకుని, చుట్టల పొగా గొర్రె బొచ్చు వాసనా కలిసిపోయిన మసక వెలుతురులో ఊరంతా ఆఫీసు ముందు కూర్చునేది. వారానికోసారి, చంద్రుడి మీదికి పోయిన నలుగురు కుర్రాళ్ల నాటకం వచ్చేది. మిగతా రోజుల్లో పిల్లలం కుండపెంకులు పేర్చి చంద్రుడి మీద ఇళ్లు కట్టేవాళ్లం. రేడియో మీట తిప్పేది పంచాయతీ నౌకరైన మా బాపు.

ఒక వారం, పట్నంలో ఎవరికేం తోచిందో, నాటకం ఇవాళ్టితో సమాప్తం అన్నారు. నౌకను బండకు కొట్టి నలుగురినీ చంపి, ఊపిరి తిప్పుకోకుండా ఎరువుల సంగతి మొదలుపెట్టారు.

మా ఊరికి తెలిసిన కథలు ఒగ్గు కథలు. కథ చెప్పేవాడికి కల్లంలో గింజలు కొలిస్తే రాజును ఇల్లు చేర్చి హారతి పడతాడు, కొలవకపోతే అడవిలోనే వదిలేస్తాడు. ఊరి లెక్కలో రేడియో కథ చెప్పేవాడు మీట తిప్పే బాపే. ఆ ఏడు ఆయనకు ఎవరూ ఏమీ కొలవలేదు. ఇంకేం, ఊరికి కారణం దొరికింది. తెల్లారి కొమురమ్మ చాటెడు జొన్నలు తెచ్చి మా గడపలో పోసింది. ఆమె వెనుక సగం ఊరు.

"సత్తయ్యా, గింజలు గావాల్నంటే నోరు తెరిచి అడగరాదా? గా పోరగాళ్లను సంపుడు దేనికి?"

"నేను మీట తిప్పెటోన్ని వదినా. పట్నంల బంద్ జేసిండ్రు."

"పట్నపోళ్లకు గా పోరగాళ్లతోని ఏం పగ? మీట నీ చేతిలనే ఉన్నది గద."

బాపును పలకరించేవాళ్లు లేకుండా పోయారు. ఆఫీసు తాళంచెవి ఇంకొకరికి ఇవ్వాలన్న మాట కూడా లేచింది. ఆ నౌకరీ పోతే మాకు పొయ్యి వెలగదు. చివరికి, జన్మలో కథ చెప్పి ఎరగని మా బాపు, ఒక సాయంత్రం రేడియో కట్టేసి జనం ముందు నిలబడ్డాడు.

"వాళ్లు సావలే. ఓడ కిందికి దిగింది. ఇండ్లకొచ్చి, అన్నం తిని పన్నరు."

ముందు కూర్చున్న ఒక ముసలాయన అన్నాడు: "అంటే, ఎరికుండి గిన్నొద్దులు దాసినవన్నట్టు."

నౌకరీ నిలిచింది. కానీ బాపుకు 'కథ మింగినోడు' అన్న పేరు పడింది. బడిలో నేను కథ మింగినోని కొడుకును. "ముందే ఎందుకు చెప్పలేదు బాపూ" అని నేను కూడా అడిగాను. ఆయన నా వైపు చూసి బయటికి పోయాడు. పెద్దయ్యాక స్నేహితుల మధ్య ఇదే సంగతిని నవ్వులాటగా చెప్పాను, బాపును కూడా ఆ నవ్వులో కలిపాను. అప్పటికి ఆయన లేడు.

అందుకే ఈ వారం ఊరికి పోయాను. కొమురమ్మ పండుముసలిదై అరుగు మీద కూర్చుని ఉంది.

"మీ నాయిన మంచోడే బిడ్డా, గా కథ ఒక్కటి దాసకుంటే."

బాపు ఏదీ దాచలేదని చెప్పాను. చంపింది పట్నంవాళ్లేనని, దిగి వచ్చారన్నది బాపు ఊరి పోరు పడలేక కల్పించిందని చెప్పాను. ఆమె ఆకు నమలడం ఆపింది.

"అయితే వాళ్లు అన్నం తిన్నది అబద్ధమేనా?"

"అబద్ధమే పెద్దమ్మా."

"గీ మాట చెప్పేతందుకా గింత దూరం వచ్చినవు?"

ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆఫీసు ఉన్న జాగాలో ఇప్పుడు సిమెంటు దుకాణం ఉంది. కల్లాలు లేవు, గింజలు కొలిపించుకునే ఒగ్గువాళ్లూ లేరు. ఆ నలుగురూ ఇల్లు చేరారని నమ్మినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. ఈసారి వాళ్లను చంపింది మాత్రం పట్నంవాళ్లు కాదు.