మూర్ రాజు వేషమూ, పునుకుల అమదోరూ

నవ్విద్దామనే అన్నాను. అనగానే నాలిక కరుచుకున్నాను కానీ, అప్పటికే మాట చర్చి ముంగిలంతా పాకిపోయింది.

"మూర్ రాజు వేషానికి మనిషి దొరకలేదంటారేంటండీ? మన అమదోర్ మామ లేడూ? అసలు సిసలు సరుకు!"

సాన్ హువాన్ పండగకి మా ఊళ్ళో ఏటా ఉత్తుత్తి యుద్ధం జరుగుతుంది. సగం మంది మూర్ల వేషం, అంటే ఒకప్పుడు ఈ నేలని ఏలిన ముస్లింల వేషం, కట్టి చెక్క కోటలో కూర్చుంటారు. మిగతా సగం క్రైస్తవ సైన్యమై వెళ్ళి వాళ్ళని బాదుతారు. చివర్న మూర్ రాజు మోకాళ్ళ మీద పడి జ్ఞానస్నానం పుచ్చుకుంటాడు, ఆనక అందరూ కలిసి తాగడానికి పోతారు. ఆ ఏడు రాజు కావాల్సిన కమ్మరి గాడిద మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

అమదోర్ చర్చి మెట్ల పక్కన బాణలి పెట్టుకుని తేనె పునుకులు వేస్తాడు. గ్రనాదాని ఏలిన ఆ మూర్ల సంతతి. అక్కడ తిరుగుబాటు అణిచాక వాళ్ళందర్నీ తరిమేస్తే, పాలపళ్ళు ఊడే వయసులో తాత చెయ్యి పట్టుకుని మా ఊరు చేరాడు. ఆ తాతకే బాప్తిస్మం అయిపోయింది. అయినా మనవడు ఇంకా 'కొత్త క్రైస్తవుడే'. పంది కొవ్వులో కాక ఆలివ్ నూనెలో వేయిస్తాడని గుసగుసలు. ఆ నోళ్ళు మూయించడానికి కొట్టు ముందు పంది తొడ ఒకటి వేలాడదీశాడు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అది అక్కడే ఉంది, కత్తిగాటు పడలేదు. ఈగలు కూడా దాన్ని పెద్దమనిషిలా చూసి పక్కనించి పోతాయి.

"ఎప్పుడు కోస్తావ్ మామా?" అంటే, "ఇంకా మాగాలిరా" అంటాడు.

పాటల్లో మూర్ అంటే మాత్రం మా ఊరు పడి చస్తుంది. నేను అక్షరాలు నేర్చుకున్నదే సంతలో అమ్మే పాటల కాగితాలు చూసి. వాటిలో మూర్‌కి పట్టు అంగీ, తెల్ల గుర్రం, ప్రేయసి కోసం కారే కన్నీళ్ళు. వింటూ మా ఆడవాళ్ళు కొంగులు తడుపుకుంటారు. అదే మన వీధి చివరి మూర్ శుక్రవారంనాడు స్నానం చేస్తే, "ఇవాళే ఎందుకు చేశాడమ్మా?" అని బుగ్గలు నొక్కుకుంటారు.

నా మాటకి అందరూ నవ్వారు, డాన్ గుతియేర్ తప్ప. ఆయన బట్టల వర్తకుడు. పైగా మతవిచారణ కచేరీకి మా ఊళ్ళో కన్నూ చెవీ ఆయనే. ఫలానావాడు పాత మతాన్ని చాటుగా పాటిస్తున్నాడని ఆయన ఒక్క మాట రాసి పంపితే చాలు. ఆ కచేరీకి వెళ్ళినవాళ్ళు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వస్తారు, లేదా అసలు రారు.

"అమదోర్, ఇలా రా," అని తెల్ల గుడ్డ విసిరాడు. "తలపాగా చుట్టు, చూద్దాం."

బాగా చుడితే ఎవరు నేర్పారంటారు. చుట్టనంటే ఎందుకు భయమంటారు.

అమదోర్ గుడ్డ అందుకున్నాడు. అతని వేళ్ళు వాటంతటవే అంచుని ఒక మడత పెట్టాయి. నేను చూశాను. మరుక్షణం ఆ గుడ్డతో చేతుల నూనె శుభ్రంగా తుడుచుకున్నాడు.

"తువ్వాలిచ్చారు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి దొరా."

"ఒరే! తలకి చుట్టమన్నాను!"

"తలకా!" గడ్డం కింద నుంచి నెత్తి మీదికి బిగించి ముడేశాడు. "ఇంతేనా? పన్ను నొప్పొస్తే మా ఆవిడ ఇలాగే కడుతుంది."

జనం పొట్టలు పట్టుకున్నారు. డాన్ గుతియేర్ ఇంటి నిండా మూర్ల కథల పుస్తకాలే. ఆయన ఓర్చుకోలేకపోయాడు.

"అలా కాదురా మొద్దూ! ఎడమ చెవి మీంచి తిప్పాలి. కొస భుజం మీద వేలాడాలి!" గుడ్డ లాక్కుని తన తలకే చుట్టుకున్నాడు. అచ్చం బొమ్మల్లో మూర్ రాజే.

"అబ్బో! మూర్ రాజు ఏం మాట్లాడతాడు దొరా?" అన్నాడు అమదోర్.

డాన్ గుతియేర్ గుండె మీద చెయ్యి వేసుకుని, గంట గోపురం కేసి చూస్తూ ప్రేయసి మీద పాట ఎత్తుకున్నాడు. గొంతు కూడా వణికించాడు.

"యుద్ధానికి ముందు ప్రార్థన చేస్తాడేమో కదా? ఎటు తిరిగి దొరా?"

"తూర్పుకి! ఇలా వంగి..." అని సగం వంగి ఆగిపోయాడు.

చర్చి గుమ్మంలోంచి చూస్తున్న ఫాదర్ దగ్గారు.

"మీకివన్నీ ఇంత బాగా ఎలా వచ్చు, డాన్ గుతియేర్?"

"పుస్తకాల్లో... పుస్తకాల్లోనే ఫాదర్!"

"చదువుకున్నవాళ్ళ అదృష్టమే వేరు," అన్నాడు అమదోర్, చేతులు జోడించి. "ఇంత వచ్చినాయనుండగా ఈ మొద్దెందుకు ఫాదర్?"

రాజు వేషం డాన్ గుతియేర్ తలకే చుట్టుకుంది. అమదోర్ మీద ఒక్క ముక్క రాయాలన్నా, ఆ వంగిన సంగతి ముందు తనే చెప్పుకోవాలి. పండగనాడు చెక్క కత్తితో ఆయన్ని నేనూ నాలుగు తగిలించాను. చాలా భక్తితో.

మర్నాడు బాణలి దగ్గరికి వెళ్ళాను.

"నా నోటి దురద, తప్పయిపోయింది మామా. కానీ నీ వేళ్ళు మడత పెట్టడం నేను చూశాగా. నీకు తలపాగా కట్టడం వచ్చు, అవునా?"

అమదోర్ అటూ ఇటూ చూసి, వేడి పునుకు ఒకటి తీసి నా నోట్లో కుక్కాడు.

"ఒరే బ్లాస్, నీ పాటల్లో మూర్ గాడు ఊరంతా వినేలా అన్నీ చెప్పి మరీ చస్తాడు. నాకింకా బోలెడు పిండి మిగిలుంది. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదని మీ అమ్మ నేర్పలేదుట్రా?"