సైకిలుకి ఎడం పక్క

మా కుక్కకి పేరు లేదు. అంతకు ముందు పెంచిన రెండింటికీ ముచ్చటపడి పేర్లు పెట్టాను, రెండూ రోడ్డు మీదే పోయాయి. మూడోదానికి పేరు పెట్టడానికి నోరు రాలేదు. "ఒసేయ్" అంటే వచ్చేది, చివరికి అదే పేరైపోయింది.

నాది బాపట్ల దగ్గర ఒక పల్లెలో టపా పంచే ఉద్యోగం. పొద్దున్నే సైకిలేసుకుని కాకుమాను రోడ్డెక్కి మూడు ఊళ్ళు తిరగాలి. అందరికీ నేను పోస్టమ్మని. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో మాట్లాడ్డానికి నేనూ, వినడానికి అదీ. నేను సైకిలు స్టాండు తీశానంటే చాలు, వెంట బయల్దేరేది. బుద్ధిగా వెనకాల వస్తే బాగానే ఉండును. చక్రానికి అడ్డం పడేది. అవతల మేక కనిపిస్తే రోడ్డుకి అడ్డంగా దూకేది. ఒకరోజు పాలవ్యాను దాని తోకని రాసుకుంటూ పోయింది. డ్రైవరు బండాపి నన్ను నానా తిట్లూ తిట్టాడు. నేనేం తక్కువ తినలేదు. కానీ ఇంటికొచ్చాక దాని తోక ఎక్కడన్నా చిట్లిందేమోనని మూడుసార్లు తడిమి చూశాను.

కట్టేసి చూశాను. తాడు కొరికేసి మూడో ఊళ్ళో నన్ను అందుకుంది. గొలుసేస్తే మెడ ఒరుసుకుపోయి నెత్తురొచ్చేదాకా గుంజుకుంది. గదిలో పెట్టి తలుపేస్తే గోకి గోకి గోళ్ళు ఊడగొట్టుకుంది, రెండు రోజులు మెతుకు ముట్టలేదు. "ఇవాళ కాకపోతే రేపు లారీ కింద పడేదే పిన్నీ. ఎందుకొచ్చిన యాతన? ఎక్కడన్నా వదిలేసి రారాదూ," అంది పక్కింటమ్మాయి. వదిలేసి రావడానికి అదేమన్నా చిల్లి గిన్నా? కట్టేస్తే చస్తుంది, వదిలేస్తే చస్తుంది. ఇక మిగిలింది ఒక్కటే దారి, సైకిలు పక్కన సక్రమంగా పరిగెత్తడం నేర్పాలి. అదీ కోతలు మొదలయ్యేలోపు. కోతలొచ్చాయంటే ఆ రోడ్డు మీద ట్రాక్టర్లకి అంతుండదు.

మొదటి రోజు తాడు హ్యాండిలుకి కట్టాను. బుద్ధున్నవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. ఎక్కడో పిల్లి కనబడింది, అది లాగింది, నేనూ సైకిలూ కలిసి పంటకాలవలో పడ్డాం. పొలానికి పోయే ఆడవాళ్ళు ఒకటే నవ్వు. "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతున్నావా పోస్టమ్మా!" అని ఒకావిడ. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే, అది వచ్చి ఆ మోకాలే నాకింది.

బాపట్లలో పశువుల డాక్టరుగారికి చూపిస్తే, "మెడకి కట్టకండమ్మా, రొమ్ముకి పట్టీ వెయ్యండి. తాడు సీటు కింద కట్టుకుంటే అది లాగినా మీరు పడరు. ఎండెక్కాక మాత్రం తారు మీద పరిగెత్తించకండి, అరికాళ్ళు కాలతాయి," అన్నారు. చిరిగిపోయిన పాత సంచి పట్టీలు కోసి రొమ్ముకి సరిపడా కుట్టాను. తాడు మధ్యలో సైకిలు ట్యూబు ముక్క కలిపాను, గుంజితే సాగేట్టు. మొదటి వారం సైకిలు ఎక్కనే లేదు, పక్కన నడిపించుకుంటూ పోయాను. అది ఎడం పక్క, మట్టి వైపు. బండ్ల వైపు నేను. "ఎడం" అన్నప్పుడు ఆ పక్కకి వస్తే ఎండుచేప ముక్క.

వచ్చేది కాదు. వాసన చూసి కుడి పక్కనుంచి మూతి పెట్టేది. రెండు వారాలు ఇదే తంతు, నా తలప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు తూము మీద కూలబడి, "నీ కాళ్ళు పట్టుకుంటానే, నాకు ఇంకెవరున్నారే, ఎడం పక్కకి రావే," అని కుక్కని బతిమాలుకున్నాను. రోడ్డున పోయేవాళ్ళు ఏమనుకున్నారో నాకు పట్టలేదు.

"వద్దు" అనే మాట ఒక్కటే దానికి ముందునుంచీ వచ్చు. కిందటేడు పంటల పండక్కి చర్చి ముందు ధాన్యం రాశి పోస్తే, అప్పటికి పిల్లది, దానిమీదెక్కి దొర్లింది. అందరిలో నాకు తల కొట్టేసినట్టయింది. గింజ కాలికి తగిలితే వంగి తీసి కళ్ళకద్దుకునే ఇల్లు మాది. కూలికెళ్ళి గింజలు తెచ్చుకున్న మా తాతలనాటి అలవాటు, ఎన్ని తరాలు చర్చికి పోయినా అది పోలేదు. ఇంటికొచ్చి చేటలో గుప్పెడు ధాన్యం పోసి, అది కాలు పెట్టబోయినప్పుడల్లా ముక్కు మీద ఒక్కటిచ్చి "వద్దు" అన్నాను. మూడు రోజుల్లో నేర్చుకుంది. వాకిట్లో నాలుగు గింజలు పడున్నా చుట్టు తిరిగి వెళ్ళేది. నా పెంపకం చూడండర్రా అని నలుగురికీ చెప్పుకున్నాను.

నాలుగో వారంలో, ఎలాగో, ఎడం పక్క కూడా వచ్చేసింది. "ఎడం" అంటే మట్టి వైపుకి వచ్చి, నా పెడలుకి జానెడు దూరంలో, చెవులు వెనక్కి పెట్టుకుని పరిగెత్తేది. మేకలొచ్చినా చూసేది కాదు. "ఆగు" అంటే ఆగేది. తూము దగ్గర దిగి నీళ్ళు పట్టి మళ్ళీ బయల్దేరేవాళ్ళం. నవ్విన ఆడవాళ్ళే, "మా మనవడికి కూడా నేర్పు పోస్టమ్మా," అనడం మొదలుపెట్టారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. తాడు తీసేశాను.

కోతలు వచ్చాయి. సముద్రంలో వాయుగుండం అన్నారు, ఊరూ వాడా కంగారుపడిపోయింది. మిషను కోసిన పచ్చి ధాన్యం ఎక్కడ ఆరబెట్టుకుంటారు? అందరూ రోడ్డుకే తెచ్చారు. ఒక్కపూటలో రోడ్డు ఎడం సగం పొడుగునా టార్పాలిన్ పరదాలు, వాటి మీద ధాన్యం, అంచున వరసగా రాళ్ళు. దానికవతల కాలవ. మిగిలిన సగంలోనే రాకపోకలన్నీ.

మేమిద్దరం ఆ వరస పక్కకి వచ్చేసరికి ఎదురుగా బస్తాల ట్రాక్టరు వస్తోంది. నేను సైకిలు ధాన్యం అంచుకి చేర్చి కాలు దించాను. రాయి మీద దించాను, గింజల మీద కాదు. "ఎడం!" అని అరిచాను. వెనక చక్రం దగ్గర ఆగి అది ఎడం వైపు చూసింది. అక్కడంతా ధాన్యం. కాలెత్తి, మళ్ళీ దించేసి, నా మొహంలోకి చూసింది.

"తొక్కు! ఏం కాదే, తొక్కవే తల్లీ!" అని గొంతు చించుకున్నాను. ఆ మాట నేనెప్పుడూ నేర్పలేదు. దాని మెడ దొరకబుచ్చుకుందామని వంగాను, తాడుంటే చేతికి అందేది. అది వెనక్కి తగ్గి, సైకిలు చుట్టూ తిరిగి, దారి ఖాళీగా ఉన్న కుడి పక్కకి వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు, పాపం అతను వేశాడు. అంత బరువు ఒక్కసారిగా ఆగదు.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాను. రొమ్ముపట్టీ ఇంకా వెచ్చగానే ఉంది. ధాన్యానికి కాపలా ఉన్న పెద్దావిడ పరుగున వచ్చి, నెత్తి మీద చేతులు పెట్టుకుని, "అయ్యో, తొక్కితే తొక్కిందిలే అనుకునేవాళ్ళం కదమ్మా! కాకులు తొక్కట్లా, కోళ్ళు తొక్కట్లా? ఊడ్చుకునేవాళ్ళం కదా!" అని ఏడ్చింది.

నేను తలెత్తి చూశాను. పరదా మీద ధాన్యం పొద్దున్నే ఆరడానికి నెరిపిన చాళ్ళు చాళ్ళుగా అలాగే ఉంది. ఎక్కడా ఒక్క అడుగు లేదు.